కడలి నీటిలో కణముల లెక్క

2011వ సంవత్సరము మార్చి 11వ తేదీన జపాను ఈశాన్య తీరమును మహాభూకంపమును, దాని వెన్నంటి వచ్చిన సునామీయు ముంచెత్తగా, ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్కేంద్రమున మూడు రియాక్టర్లలో ఇంధనము కరగిపోయి, దానిని చల్లార్చుటకై కుమ్మరించిన నీరు రేడియోధార్మిక పదార్థములను తనలో కలుపుకొని పసిఫిక్ మహాసముద్రములోనికి పారజొచ్చెను. ఏప్రిల్ మొదటి వారమున ఆ కేంద్రపు కాలువ సముద్రమున కలియుచోట తీసిన నీటిలో సీసియం-137 ఘనమీటరుకు సుమారు 6 కోట్ల 80 లక్షల బెకరెళ్లు ఉన్నట్లు తేలినది. ఆ కాలుష్యమే ప్రవాహముల వెంట మహాసముద్రమును దాటి కెనడా పశ్చిమ తీరమును చేరి, 2014 ఫిబ్రవరి నాటికి అచటి జలములకు అదనముగా చేర్చినది ఘనమీటరుకు సుమారు 2 బెకరెళ్లు. ఈ రెండు సంఖ్యలును సత్యములే. శ్రద్ధగల శాస్త్రజ్ఞులు కొలిచినవే. మొదటిదానిని మాత్రమే విన్నవాడు సముద్రమంతయు విషమైపోయినదని తలచును. రెండవదానిని మాత్రమే విన్నవాడు జరిగిన నష్టమేమియు లేదని తలచును. సముద్రపు రేడియోధార్మికతను గూర్చి ఒక్క సంఖ్యను పట్టుకొని మాటాడువాడు, భయపెట్టువాడైనను అభయమిచ్చువాడైనను, సగము సత్యమే చెప్పుచున్నాడనియు, ఆ సంఖ్య ఎక్కడిది, ఎప్పటిది, ఎంత అనిశ్చితితో కూడినది, దానికి ముందు అచట ఏమి ఉండెను అను ప్రశ్నలకు సమాధానము వెదకు సాంఖ్యకశాస్త్రమే తక్కిన సగమనియు నా దృఢాభిప్రాయము.

బెకరెల్ అనగా సెకనుకు ఒక పరమాణువు విఘటనము చెందుట. 1896లో యురేనియం లవణముల నుండి అదృశ్య కిరణములు వెలువడుచున్నవని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకరెల్ పేరే ఈ ప్రమాణమునకు పెట్టిరి. ఇది మిక్కిలి చిన్న ప్రమాణమగుటచే సంఖ్యలు సహజముగానే పెద్దవిగా కనబడును. సముద్రము ఏనాడును రేడియోధార్మికత లేనిది కాదు; దాని ఉప్పులోని పొటాషియంలో ప్రకృతిసిద్ధముగా ఉండు పొటాషియం-40 ఒక్కటియే ఘనమీటరుకు దాదాపు 12,000 బెకరెళ్లు ఇచ్చును. 1950, 60 దశకములలో అగ్రరాజ్యములు ఆకాశమున పేల్చిన అణ్వస్త్రముల బూడిద రాలి, ఫుకుషిమా ప్రమాదమునకు ముందే జపాను జలములలో సీసియం-137 ఘనమీటరుకు 1 లేక 2 బెకరెళ్ల చొప్పున నిలిచియుండెను. కనుకనే కెనడా తీరమున చేరిన 2 బెకరెళ్లు అచటి పాత కాలుష్యమును రెండింతలు చేసినవని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. అయితే బెకరెళ్లను బెకరెళ్లతో పోల్చినంతమాత్రమున హానిని హానితో పోల్చినట్లు కాదు. పొటాషియంను దేహము తనకు కావలసినంత మేరకే నిలుపుకొని మిగిలినదానిని విసర్జించును. సీసియం పొటాషియం వలె ప్రవర్తించి కండరములలో చేరును. మరియొక రేడియోధార్మిక పదార్థమైన స్ట్రాన్షియం ఎముకలలో పాతుకొనును. ఒక్కొక్క పదార్థమునకు వేర్వేరు శక్తి, వేర్వేరు నడత కలవని మరువరాదు.

ఇక లెక్కించుట యందలి కష్టమును గూర్చి చెప్పవలెను. ఏ పరమాణువు ఏ క్షణమున విఘటనము చెందునో ఎవరును చెప్పజాలరు. ఒక నియమిత కాలములో సగటున ఎన్ని చెందునో మాత్రమే చెప్పగలము. 1910లో రూథర్‌ఫర్డ్, గైగర్ అను శాస్త్రజ్ఞులు పొలోనియం నుండి వెలువడు ఆల్ఫా కణములను, ఏడున్నర సెకనుల కాలఖండములుగా విభజించి, 2,608 ఖండములలో 10,097 కణములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిరి. ఖండమునకు సగటు 3.87 మాత్రమే అయినను, కొన్నింట పది కణములు వచ్చినవి, 57 ఖండములలో ఒక్కటియు రాలేదు. అట్టివి 54 ఉండవలెనని, ఫ్రాన్సు గణితవేత్త పాయిజాన్ 1837లో ప్రకటించిన సూత్రము చెప్పుచున్నది. స్వైరముగా కనబడు ఈ ఘటనలలో ఇంతటి కట్టుబాటు ఇమిడియుండుట ఆశ్చర్యకరము. ఆ సూత్రము వలన లభించిన మహోపకారమేమనగా, మనము లెక్కించిన కణముల సంఖ్యకు వర్గమూలమే ఆ లెక్కలోని అనిశ్చితి. నూరు కణములను లెక్కించినచో పది అటు ఇటు, అనగా నూటికి పది. పదివేలను లెక్కించినచో నూరు అటు ఇటు, అనగా నూటికి ఒకటి.

దీనిని సముద్రజలమునకు అన్వయించి చూతము. ఘనమీటరుకు 2 బెకరెళ్ల సీసియం గల నీటిని ఇరువది లీటర్లు పరీక్షకు తెచ్చినచో, దానియందు ఇరువది అయిదు సెకనులకు ఒక్క విఘటనము జరుగును. ఒక పగలును ఒక రాత్రియు కలిపి మూడువేల అయిదువందలకు లోపే. పరికరము వానిలో నూటికి మూడింటిని పట్టుకొన్నదనుకొన్నచో, దినమునకు సుమారు నూరు. అనిశ్చితిని నూటికి ఒకటికి తగ్గింపవలెనన్నచో నూరు దినములు ఆ ఒక్క నమూనా ముందే పరికరము కూర్చుండవలెను. పైగా పరికరపు గోడలనుండియు, ఆకాశమునుండియు వచ్చు కిరణములు కూడ ఆ లెక్కలో చేరును. అందువలననే శాస్త్రజ్ఞులు నీటిలోని సీసియంను రసాయనక్రియలచే ఒక చిన్న ముద్దగా వేరుచేసి, సీసపు గోడల నడుమ ఉంచి కొలుతురు. నీటి నుండి సంఖ్య వచ్చువరకు జరుగు ఈ శ్రమ ఎరిగినవాడు, "కనుగొనబడలేదు" అను మాటను చూచి "లేదు" అని చదువడు.

ఇచట మన తెలుగువాని పేరు స్మరింపక తప్పదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, పాతికేండ్ల వయసు నాటికే, 1945లో, ఏ నిష్పాక్షికమైన అంచనాకైనను అనిశ్చితి ఒక కనీస హద్దుకు తగ్గదని నిరూపించెను. స్వీడను గణితవేత్త క్రామర్ పేరుతో కలిపి లోకము దానిని క్రామర్-రావు హద్దు అని పిలుచుచున్నది. కణముల లెక్కలో సాధారణమైన సగటు ఆ హద్దును సరిగా అందుకొనును. అంతకంటె నేర్పుగల గణితము మరి ఒకటి వచ్చి, తక్కువ కణములనుండి ఎక్కువ నిశ్చయమును పిండజాలదు. నిశ్చయము కావలసినచో ఎక్కువ నీరు, ఎక్కువ కాలము, లేక మంచి పరికరము కావలెను.

కొలుచునప్పుడు రెండు విధములైన పొరపాట్లు సంభవించును: లేని కాలుష్యమును ఉన్నదనుట, ఉన్నదానిని లేదనుట. 1968లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయుచుండిన లాయిడ్ కర్రీ, ఈ రెండు పొరపాట్లను నూటికి అయిదుకు మించనీయక, ఒక పరికరము నిజముగా కనుగొనగల కనీస పరిమాణము ఎంతో లెక్కకట్టు మార్గమును చూపెను. నేటికిని ప్రపంచమందలి ప్రయోగశాలలు ఆ మార్గమునే అనుసరించుచున్నవి. ఇందులో సామాన్యులు గమనింపవలసిన విషయము ఒకటి కలదు: నూటికి అయిదు పొరపాట్లకు అవకాశమిచ్చిన పరీక్షలో, పరిశుద్ధమైన నమూనాలు వేయి పెట్టినచో, సుమారు ఏబది ఉత్తపుణ్యమునకు అపాయమని కేక వేయును. ఆ ఏబదినే ఏరి పత్రికలో వేసినవాడు అబద్ధమాడకయే జనులను తప్పుదారి పట్టించినవాడగును.

కనుగొను హద్దుకు లోబడిన నమూనాలను ఏమి చేయవలెనన్నది మరియొక చిక్కు. నూరు చేపలను పరీక్షింపగా, కిలోకు 10 బెకరెళ్ల హద్దు గల పరికరము ఎనుబదింటిలో ఏమియు కనుగొనలేదనియు, మిగిలిన ఇరువదింటి సగటు 15 బెకరెళ్లనియు అనుకొందము. ఆ ఎనుబదిని సున్న అని వేసినచో మొత్తపు సగటు 3. హద్దులో సగమని వేసినచో 7. హద్దే వేసినచో 11. చేపలు అవే, కొలతలు అవే, లెక్కకట్టువాని ఇష్టముననుసరించి ఫలితము దాదాపు నాలుగింతలు మారిపోయినది! ఈ దోషమును తప్పించుటకు, మనుష్యుల ఆయుర్దాయమును పరిశీలించువారు, పరిశోధన ముగియునాటికి ఇంకను జీవించియున్నవారిని లెక్కలో చేర్చుటకై ఏర్పరచుకొన్న పద్ధతులను, అమెరికా శాస్త్రజ్ఞుడు డెనిస్ హెల్సెల్ మొదలైనవారు పరిసరముల కాలుష్యమునకు అన్వయించిరి. ఏదో ఒక సంఖ్యను కల్పించి వేయుటకంటె, "ఇంతకు తక్కువ" అను సమాచారమును ఉన్నదున్నట్లు వాడుకొనుటయే నిజాయితీగల మార్గము.

కొలతలలోని నిజాయితీని గూర్చి చెప్పుచున్నప్పుడు సరుహాషి కత్సుకో అను జపాను విదుషీమణిని తలచుకొందును. 1954 మార్చి 1వ తేదీన అమెరికా బికినీ దీవులలో ఉదజని బాంబు పేల్చినప్పుడు, దూరమున చేపలు పట్టుచుండిన ఐదవ ఫుకుర్యూ మారు అను జపాను పడవ మీద బూడిద కురిసి, అందలి 23 మందియు రోగపీడితులైరి. ఆ సెప్టెంబరులో వారిలో ఒకరైన కుబొయమ ఐకిచి మరణించెను. మహాసముద్రము సమస్తమును పలుచన చేయునని కొందరు నిశ్చింతగా ఉండగా, జపాను ప్రభుత్వము అదే యేట షుంకొత్సు మారు అను పరిశోధనానౌకను పంపి, బికినీకి వందల కిలోమీటర్ల దూరమునను నీటిలోను చేపలలోను రేడియోధార్మికత ఉన్నదని తెలిసికొనెను. అప్పటినుండి సరుహాషియు, ఆమె గురువు మియాకే యసువోయును పసిఫిక్ జలములలో సీసియంను ఏటేట కొలుచుచుండగా, వారి ఫలితములు అమెరికావారికంటె ఎక్కువగా ఉండుటచే అనుమానములు కలిగెను. 1962లో ఆమె కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు పోయి, అచటి ఫోల్సమ్ అను శాస్త్రజ్ఞునితో ఒకే నీటి మీద సరిపోల్చి కొలువగా, ఆమె పద్ధతి నిర్దుష్టమైనదని అందరును అంగీకరించిరి. ఒకే నమూనాను వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరుగా కొలిచి సరిచూచుకొను ఆచారము నేడు అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారి మొనాకో ప్రయోగశాల ఆధ్వర్యమున, ఫుకుషిమా జలముల విషయమునను నడచుచున్నది. తమ కొలతలను పరులచే పరీక్షింపజేసికొనుటకు వెనుదీయనివారి మాటయే ఈ రంగమున విశ్వసనీయమైన మాట.

సీసియం ఫుకుషిమాదా, ప్రాతదా అని తెలిసికొనుటకు ప్రకృతియే ఒక సాధనమును ఇచ్చినది. రియాక్టరు నుండి వెలువడిన సీసియంలో 137తోపాటు 134 సంఖ్య గల ఐసోటోపును ఇంచుమించు సమభాగములలో ఉండెను. సీసియం-137 సగమగుటకు ముప్పది ఏండ్లు పట్టును. సీసియం-134కు రెండేండ్లకు కొంచెము మించి చాలును. అణ్వస్త్రపరీక్షల నాటిది ఏనాడో హరించిపోయినది కనుక, 2011 తరువాత పసిఫిక్ నీటిలో సీసియం-134 కనబడెనా, అది ఫుకుషిమా ముద్రయే. 2011 ఆగస్టులో కాలిఫోర్నియా దక్షిణ తీరమున పట్టుబడిన 15 నీలిరెక్క తూర చేపలన్నిటిలోను ఈ ముద్ర ఉన్నదని మాడిగన్ మొదలైన శాస్త్రజ్ఞులు మరుసటి యేడు ప్రకటించిరి. ఆరిన కండలో కిలోకు సీసియం-134 సగటున 4.0 బెకరెళ్లు, విచలనము 1.4, సీసియం-137 సగటు 6.3, విచలనము 1.5. పదునైదు చేపలేనా అని సందేహించువారికి సమాధానము ఆ పరిశోధన కూర్పులోనే ఉన్నది: ప్రమాదమునకు ముందు పట్టిన అదే జాతి చేపలలోను, జపానుకు వలసపోని పసుపురెక్క తూరలలోను 134 లేదు, 137 సుమారు 1 మాత్రమే. సరియైన పోలికను ఎంచుకొన్నవానికి కొద్ది నమూనాలును గట్టి సాక్ష్యము నిచ్చును. తూర కండలో సహజముగా ఉండు పొలోనియం-210 వలన తినువారికి కలుగు మోతాదు ఈ సీసియం వలన కలుగుదానికంటె అనేక రెట్లు ఎక్కువయని కూడ ఆ శాస్త్రజ్ఞులే తరువాత లెక్కవేసి చెప్పిరి. ముద్ర కనబడుట వేరు, హాని కలుగుట వేరు. పదేండ్లు గడచునప్పటికి ఆ రెండు ఐసోటోపుల నిష్పత్తి నూటికి నాలుగుకు దిగజారినది కనుక, ఈ సాధనము కూడ కాలక్రమమున మాయమగుచున్నది.

చేపలలోని కాలుష్యము అన్నిటిలో సమముగా ఉండదు. 2013 మార్చిలో, ఫుకుషిమా కేంద్రపు ఓడరేవులోనే చిక్కుకొని యుండిన ఒక చేపలో కిలోకు 7 లక్షల 40 వేల బెకరెళ్ల సీసియం కనబడినది. జపాను ప్రభుత్వము 2012 ఏప్రిల్ నుండి ఆహారమునకు విధించిన హద్దు కిలోకు 100 మాత్రమే. ఇట్టి చేప ఒక్కటియు, 5 బెకరెళ్లు గలవి తొంబది తొమ్మిదియు కలిపి సగటు తీసినచో 7,400కు పైబడును. ఆ సగటు ఆ నూటిలో ఏ చేపకును చెందదు. చిన్నది మొదలు పెద్దదానివరకు వరుసగా పేర్చి నడిమిదానిని చూచు మధ్యగతము 5 అని చెప్పును. కాని అది ఆ భయంకరమైన చేపను బొత్తిగా దాచివేయును. కాలుష్యపు కొలతలు సాధారణముగా ఇట్లే, ఎక్కువ భాగము అడుగున గుమిగూడి, ఏ కొన్నియో చాల దూరము ఎగబాకియుండును. అందుచే వానిని సంవర్గమానములుగా మార్చి పరిశీలించుటయు, మధ్యగతముతోపాటు, హద్దు దాటినవి నూటికెన్నియో కూడ చెప్పుటయు యుక్తము.

అన్నమంతటికి ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందుము. కుండలో నీరు తెర్లి మెతుకులన్నియు కలగలిసి ఉడుకుట వలన ఆ మాట చెల్లినది. సముద్రము అట్లు కలగలియదు. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన కెన్ బ్యూసెలర్, జపాను ప్రభుత్వము ప్రకటించిన ఎనిమిదివేలకు పైగా చేపల కొలతలను 2012లో విశ్లేషించి, జాతుల వారీగా, తీరముల వారీగా విడదీసి చూడగా, అడుగున తిరుగు చేపలలో కాలుష్యము మిక్కిలి ఎక్కువగా ఉన్నట్లును, ఏడాది గడచినను తగ్గనట్లును తేలెను. అన్నిటిని కలిపి సగటు తీసియున్నచో ఈ సంగతి ఎన్నటికిని బయటపడియుండెడిది కాదు. సముద్రపు అడుగునున్న బురదయో, ఇంకను కారుచున్న నీరో వానికి సీసియంను అందించుచున్నదని ఆయన అనుమానించెను. కేంద్రమునొద్ద నీటిలో కూడ, శిఖరమునకు చేరిన నెలలోనే సీసియం వేయి రెట్లు తగ్గి, ఆ తరువాత తగ్గుట మానివేసెను. సముద్రపు నీరు నిత్యము కొట్టుకొనిపోవుచు కొత్త నీరు వచ్చుచుండగా పరిమాణము నిలకడగా ఉన్నదనగా, మూలము ఇంకను మూసికొనలేదని అర్థము. తగ్గుదల ఆగిపోవుటయే ఇచట సాక్ష్యమైనది.

ఫుకుషిమా బెస్తల ప్రవర్తన నన్ను మిక్కిలి ఆకర్షించినది. 2012 జూనులో వారు అష్టపాదులతోను శంఖపు జాతితోను ప్రయోగాత్మకముగా వేట మొదలుపెట్టి, ప్రభుత్వపు హద్దు 100 అయినను, తమకు తాము 50 బెకరెళ్ల హద్దును విధించుకొనిరి. 95 అని చూపిన చేపలో, కొలత యందలి అనిశ్చితి వలన, నిజముగా 100కు మించి ఉండవచ్చును. 50 అని చూపినదానిలో అట్టి అవకాశము ఇంచుమించు లేదు. హద్దు దాటిన చేపలు తొలి నెలలలో ఫుకుషిమా నమూనాలలో సగమునకు మించి ఉండగా, 2015 నుండి అవి అత్యంత అరుదైనవి. అయినను 2021 ఫిబ్రవరిలో ఒక చేపలో 500 కనబడెను. 2023 మేలో ఓడరేవులో పట్టిన ఒక చేపలో 18,000. దీర్ఘమైన తోక గల విభాజనములకు ఇది స్వభావము. అరుదైనది ఎన్నటికిని రాదనుకొనరాదు.

2023 ఆగస్టు 24 నుండి ఆ కేంద్రము తన తొట్లలో నిలువజేసిన నీటిని శుద్ధిచేసి, వేరుచేయరాని ట్రిటియం లీటరుకు 1,500 బెకరెళ్లకు లోబడునట్లు పలుచనజేసి, సముద్రములోనికి వదలుచున్నది. త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన పరిమాణము లీటరుకు 10,000. ఈ సంఖ్యలు నన్ను చాలవరకు సమాధానపరచినవి. కాని ప్రతి విడతకును కొలతలను ప్రకటించుచున్నారు గనుకనే సమాధానపరచినవి. 2011లో ఒక రంగుల చిత్రపటమును రేడియోధార్మికత వ్యాపించిన విధమని చెప్పి లోకమంతట పంచిపెట్టిరి. అది నిజమునకు అమెరికా సముద్ర వాతావరణ సంస్థవారు సునామీ అలల ఎత్తును చూపుటకు గీసినది. ప్రకటిత సమాచారము లేనిచోట ఇట్టి పటములే ప్రజలకు దిక్కగును.

మన తీరమును గూర్చి ఒక మాట. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ యొద్ద ఆరు రియాక్టర్ల అణువిద్యుత్కేంద్రమును నిర్మింపవలెనను ప్రతిపాదన కలదు. దాని మంచిచెడ్డలను గూర్చి వాదించువారు వాదింతురు గాక. నేను కోరునది వేరు. భీమునిపట్టణము మొదలు ఉత్తరమునకు మన ఇసుకలలో మోనజైటు కలదు. దానిలోని థోరియం సహజముగానే రేడియోధార్మికము. బంగాళాఖాతపు తీరప్రవాహము చలికాలమునకు ముందు దక్షిణమునకును, వసంతమున ఉత్తరమునకును దిశ మార్చుకొనును. వంశధార, నాగావళి వరదలలో మట్టి దిగును. ఇన్ని మార్పుల నడుమ, కేంద్రము పనిచేయుటకు ముందు కొన్ని ఏండ్లపాటు, అన్ని ఋతువులలో, కేంద్రము దగ్గరను, దానికి దూరముగా పోలికకై ఎంచుకొన్న తీరములలోను, నీటిని, ఇసుకను, చేపలను కొలిచి ఉంచనిచో, తరువాత ఏ బెస్తవాడు "ఇది ముందు ఉన్నదా, మీరు తెచ్చినదా" అని అడిగినను ఎవరును సమాధానము చెప్పజాలరు. జపానుకు ఆ సమాధానము ఉండుటకు కారణము, ప్రమాదమునకు అర్ధశతాబ్దము ముందే సరుహాషి వంటివారు కొలువ మొదలుపెట్టుటయే. కావున ఉత్తరాంధ్ర తీరవాసులును, మన విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులును ప్రభుత్వమును అడుగవలసినది ఇది: ముందటి కొలతలు, ప్రతిదానితోపాటు దాని అనిశ్చితి, కనుగొను హద్దు, నమూనా తీసిన చోటు, తేదీ, ఏ సగటులోను కలపకుండ, ఎవరైనను చూచుకొనునట్లు తెలుగులో ప్రకటింపవలెను.